శిక్షణ సరే, పని ఎక్కడ?

మదనపల్లె మార్కెట్లో 2023 జులైలో కిలో టమాటా రూ.150 దాటింది. కోత కూలి, రవాణా ఖర్చు కూడా రాక అదే ప్రాంత రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన సీజన్లు ఎన్నో. ధర పడిపోయిన ప్రతిసారీ ఆహారశుద్ధి పరిశ్రమలు పెట్టాలంటారు. నిజమే, పెట్టాలి. వాటిలో పనిచేసేవారికి ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లు నేర్పుతారన్నది మాత్రం ఎవరూ అడగరు.

సాగు విషయంలో ఆంధ్రప్రదేశ్ ఇప్పటికే ఒక దారి వేసింది. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో రైతుకు పాఠం చెప్పేది తన పొలంలో చేసి చూసిన మరో రైతే. ఊళ్లలో ఐసీఆర్పీలని పిలిచే వీరు మహిళా సంఘాలతో కలిసి పనిచేస్తారు. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లలో పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి ఎంతెంత కలపాలో కరపత్రం చెబుతుంది. అది సరిగ్గా పులిసిందో లేదో చెప్పడానికి అనుభవమున్న మనిషి పక్కనుండాలి. 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్న ఈ కార్యక్రమానికి అసలు బలం ఆ మనుషులే.

పంట గట్టు దాటగానే ఈ పద్ధతి ఆగిపోతోంది. కొద్ది రోజుల శిక్షణలో జామ్, కెచప్ చేసి చూపించి సర్టిఫికెట్ చేతికిస్తే ఉపాధి రాదు. టమాటా పులుపు రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి మారుతుంది. పులుపు తగ్గి పీహెచ్ 4.6 దాటిన గుజ్జును సరిగ్గా వేడి చేయకుండా సీసాలో నింపి మూస్తే బోటులినం విషం పుట్టే ప్రమాదముంది. పీహెచ్ కొలవడం నేర్పని శిక్షణ తినేవారికీ ప్రమాదమే. మరో సంగతి: టమాటాలో ఘనపదార్థం దాదాపు 5 శాతం, పేస్టులో సాధారణంగా 28 శాతం ఉంటుంది. అంటే కిలో పేస్టుకు ఐదారు కిలోల పండ్లు. దూరప్రయాణం తట్టుకోవడానికి వేసే గట్టి రకాలు ఈ లెక్కకు అన్నిసార్లూ సరిపోవు. ఏ విత్తనం వేయాలన్న నిర్ణయంతోనే శుద్ధి మొదలవుతుంది కనుక సాగునూ శుద్ధినీ ఒకే పాఠంగా నేర్పాలి.

డబ్బుకు దారి లేకపోలేదు. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహారశుద్ధి పథకం యూనిట్ వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు సబ్సిడీ ఇస్తుంది. సంఘ సభ్యురాలికి రూ.40 వేల వరకు మూలధనం అందే వీలూ ఉంది. శిక్షణ కూడా ఆ పథకంలో భాగమే. అయితే యంత్రం ఆగిపోతే బాగుచేయడం, ఖర్చు లెక్కగట్టి ధర పెట్టడం, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్, లేబుల్ నిబంధనలు గదిలో కూర్చుంటే ఒంటబట్టవు.

అవి నేర్చుకునే చోటు చిత్తూరు జిల్లాలోనే ఉంది. అక్కడి గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి మామిడి మీద నడుస్తాయి. మామిడి సీజన్ ముగిశాక జామ, టమాటా గుజ్జు తీసే ఫ్యాక్టరీలూ ఉన్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా చదివే వ్యవసాయ పాలిటెక్నిక్ విద్యార్థులను ఒక సీజన్ పూర్తిగా అక్కడ ఉంచాలి. వారితో పాటు ఐసీఆర్పీ మహిళలకూ చోటివ్వాలి. అప్రెంటిస్ స్టైపెండ్‌లో కొంత కేంద్రమే భరించే పథకం 2016 నుంచి ఉంది. ఇల్లు, పొలం వదిలి వచ్చే మహిళకు ఆ స్టైపెండ్ చాలదు. ఆమె పోగొట్టుకునే కూలికి తగ్గకుండా మిగతా మొత్తాన్ని రాష్ట్రం కలపాలి, ఫ్యాక్టరీకి దగ్గర్లో వసతి చూపాలి.