జ్వరముల పద్దు

2025 జనవరి 6వ తేదీన బెంగుళూరులో ఇరువురు పసిబిడ్డలకు మెటాన్యుమోవైరసు సోకెనని ప్రకటన వెలువడినంతనే, 2020 నాటి భయము మరల తల యెత్తినది. ఆ క్రిమి క్రొత్తది కాదు; 2001లోనే హాలండు శాస్త్రజ్ఞులు దానిని కనిపెట్టిరి. ఐనను భయమును శమింపజేసినది ఆ పాండిత్యము కాదు. దేశమున శ్వాసరోగములు మామూలుకంటె హెచ్చలేదని ప్రభుత్వము లెక్క చూపి చెప్పగలిగినది. మామూలెంతయో యెఱిగినవానికే హెచ్చు తెలియును.

మన కొత్తపేటలో మామూలెంత? ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున ఏటికి రెండు మారులు విజృంభించును: జనవరి మొదలు మార్చి వఱకొకసారి, వానల కాలమున నొకసారి. హైదరాబాదునుండియు గల్ఫునుండియు బిడ్డలు ఇండ్లు చేరి, ప్రభల తీర్థములలో జనము క్రిక్కిరియు దినములు మొదటిదానిలోనే పడును. అప్పుడు జ్వరము తగిలినవాడు వీధిలోని ఆర్‌ఎంపీ యొద్దకో, మందుల దుకాణమునకో పోవును. ఒక ఇంజక్షను, మూడు దినముల యాంటిబయాటిక్ మాత్రలు. వైరసు జ్వరమునకు ఆ మాత్రలు పనిచేయవు. ఇన్‌ఫ్లుయెంజాకు తగిన మందున్నది గాని, మొదటి రెండు దినములలో నిచ్చిననే బాగుగ పనిచేయును. ఉబ్బసముగల ముదుసలికిని గర్భిణికిని ఆ రెండు దినములే ప్రాణము.

ఆ జ్వరము ఏ పద్దునను చేరదు. 2004లో నేర్పడిన వ్యాధి నిఘా పథకము క్రింద ఆరోగ్య కార్యకర్త లక్షణములను, వైద్యుడు తన యనుమానమును, ప్రయోగశాల నిర్ధారణమును వేర్వేఱు పత్రములలో పంపవలెను. ఏర్పాటు మంచిదే, ఆర్‌ఎంపీకి మాత్రము అందు చోటు లేదు. 2020లో సీసీఎంబీ శాస్త్రజ్ఞులు హైదరాబాదు మురుగునీటిని పరీక్షించి రోగవ్యాప్తిని అంచనా వేసిరి. మన యూళ్ళ మురుగు ఒకచోట చేరదు, బోదెలలో కలిసిపోవును. మనకు మనుష్యులను లెక్కించుటయే గతి.

చట్టము తోడ్పడునా? 2020లో ప్రయోగించిన అంటువ్యాధుల చట్టము 1897 నాటిది, బొంబాయి ప్లేగు పుట్టించినది. ప్రయాణికులను నిలిపి పరీక్షించుటకు అధికారమిచ్చును గాని, రోగము లేని నాళ్ళలో లెక్క వేయుమని యెవ్వరిని ఆజ్ఞాపింపదు. (మా వృత్తివారికి అధికారమిచ్చు సెక్షనులే ప్రియము!)

ఆర్‌ఎంపీల వైద్యము చట్టసమ్మతమా యను వివాదము వేఱు. కేసు పెట్టుదురను భయమున్నంత కాలము వారు నోరు విప్పరు. పేర్లడుగక, దగ్గుతో కూడిన జ్వరములు ఈ వారమెన్నియో ఒక్క అంకెను వారినుండి ఆశా కార్యకర్త తీసికొనవలెను. కొన్ని నమూనాలు కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పోవలెను. 2020లో కరోనా పరీక్షలు చేసిన చోటే యది. ఫలితము మరల ఊరికి రావలెను. వచ్చు సంక్రాంతికి ముందే మొదటి వారపు అంకె పంచాయతీ కార్యాలయపు బోర్డుమీద కనబడవలెనని మా కోరిక.