సంతకం కంటే ముందు సైటు
(వరంగల్ ఆర్కిటెక్టుల శాఖ వార్షిక సమావేశంలో సభ్యుల ముందుంచిన ప్రణాళిక)

1972 ఆర్కిటెక్టుల చట్టం మనకు ‘ఆర్కిటెక్టు’ అనే పేరు ఇచ్చింది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు. పేరు వాడుకోకుండా ఆ పని చేయడాన్ని మాత్రం చట్టం ఆపదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు మనలో చాలామందిని బాధపెట్టింది. ఆ పేరుకు విలువ తెచ్చే భారం ఇక పూర్తిగా మన మీదే ఉంది. అందుకే ఈ ఏడాది ఒక్క మాటే గట్టిగా చెబుతున్నాం: మన సంతకం అమ్మకానికి లేదు.

ఎవరో గీసిన ప్లానుకు, కంటితో చూడని స్థలానికి డబ్బు తీసుకుని ముద్ర వేసిచ్చే అలవాటు మన వృత్తిలో ఉంది. దాన్ని దాచి ప్రణాళిక రాయలేం. 2020లో భవన అనుమతుల కోసం టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరికింది. మన బాధ్యత అక్కడే రెట్టింపైంది. టేపు పట్టి స్థలం కొలవకుండా ఇకపై ఎవరమూ సంతకం చేయం. ముగ్గు పోసిన రోజు, స్లాబు పోసే ముందు రోజు సైటులో ఉంటాం.

కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల మనది. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. ఆ నీటి దారుల్లో ఇళ్లు లేచాయి. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు మునిగాయి. ఆ ఇళ్ల ప్లాన్లు గీసిందెవరని అడిగితే తలదించుకోవాల్సిన పరిస్థితి మళ్లీ రాకూడదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. క్లయింటు అలిగి వెళ్లిపోయినా ఆ గీత దాటం. ఆయన వెళ్లేది మనలోనే ఇంకొకరి దగ్గరికైతే అక్కడా ఇదే మాట వినాలి. శాఖ ఉన్నది అందుకే.

మనలో ఒకరు గీసిన ఇంట్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు, గడప రెండంగుళాలు. వీల్‌చైర్ చక్రం గడపకు తగిలి ఆగిపోయేది. చక్రం తిప్పబోతే తలుపు చట్రానికి ఒరుసుకుని ఆయన వేళ్ల కణుపులు కమిలాయి. ఇప్పుడు కొడుకు రోజూ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తున్నాడు. ఆ ప్లాన్‌లో ఏ అధికారీ తప్పు పట్టలేదు. ఇకపై మనం గీసే ప్రతి ఇంట్లో, కింది అంతస్తులో ఒక బాత్రూమ్‌కైనా మూడడుగుల తలుపు ఉంటుంది, గడప ఉండదు. ర్యాంపు పెడితే ఎత్తుకు పన్నెండింతల పొడవుండాలి.

సైటుకు పంపే డ్రాయింగుల మీద తెలుగులో రాస్తాం. మేస్త్రీకి అర్థం కాని చోట మనమే కూర్చుని చెబుతాం. డంగు సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. కుర్ర ఆర్కిటెక్టులు వాళ్ల దగ్గర ఒక పని మొదలు నుంచి చివరిదాకా చూడాలి.

వచ్చే వార్షిక సమావేశంలో శాలువాల కంటే ముందు ఒక రిజిస్టరు తెరిచి చదువుతాం. ఎవరు ఏ సైటుకు ఏ తేదీన వెళ్లారో అందులో ఉంటుంది. ఆ పుస్తకం ఈ రోజే మొదలవుతోంది. అధ్యక్షుల టేబుల్ మీద ఉంది, భోజనాలకు లేచే ముందు అందరూ వచ్చి పేర్లు రాయండి.