శల్య సారథ్యం

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి కంప్యూటర్ గొడవ ఎందుకని మా మిత్రులు కొందరు నన్ను ఎద్దేవా చేస్తుంటారు. భారతం చదివినవాడికి సర్వర్ సంగతి బోధపడడం ఏమంత కష్టం కాదని నా జవాబు. అక్కడ రథమూ ఉంది, రథికుడూ ఉన్నాడు, సారథీ ఉన్నాడు. ఏ ఒక్కటి లోపించినా బండి కదలదు.

పరీక్షా ఫలితాలు చూసుకున్నా, రైలు టిక్కెట్టు కొన్నా, కరెంటు బిల్లు కట్టినా మన కళ్లకు కనిపించేది తెరమీది పుట ఒక్కటే. దాని వెనక ఇద్దరుంటారు. అడిగినవారికి తగినట్టు అప్పటికప్పుడు పుట తయారుచేసి పంపే భాష ఒకటి. సమాచారాన్ని గళ్లూ వరసలుగా భద్రపరిచే కొట్టు, అంటే డేటాబేస్, మరొకటి. మొదటిదానికి పేరుమోసిన ఉదాహరణ పి.హెచ్.పి. రాస్మస్ లెర్‌డార్ఫ్ అనే ఆయన తన ఉద్యోగ వివరాల పుటను ఎందరు చూస్తున్నారో తెలుసుకోవడానికి 1994లో రాసుకున్న చిన్న పరికరం అది. 1995లో లోకానికి ఇచ్చాడు. రెండోదానికి ఉదాహరణ మైఎస్‌క్యూఎల్. అదీ 1995లోనే వెలువడింది. ఫిన్లాండుకు చెందిన మైకేల్ విడేనియస్ తన కూతురి పేరు కలిపి దానికి ఆ పేరు పెట్టుకున్నాడు.

ఈడూ జోడూ కుదిరింది గదా అని, ఈ ఇద్దరికీ పుట్టుకతోనే మాటలు కలిశాయనుకోకండి. మధ్య ఒకడుండి నడిపించాలి. వాణ్ణే ఇంగ్లీషులో డ్రైవర్ అన్నారు. మన సారథే. 2004లో పి.హెచ్.పి. ఐదవ కూర్పు వచ్చినప్పటినుంచి మైఎస్‌క్యూఎల్ సారథి తనంతట తాను రథమెక్కడు. మనమే పిలిచి కూర్చోబెట్టాలి. ఇందులో అన్యాయమేమీ లేదు. పి.హెచ్.పి. ఒకచోట మైఎస్‌క్యూఎల్‌తోనూ, మరొకచోట పోస్ట్‌గ్రెస్‌తోనూ కాపురం చేయవలసి ఉంటుంది. ఎవరికి కావలసిన సారథిని వారు పెట్టుకోవడమే సబబు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా కళాశాల తెలుగు విద్యార్థులు మూడేళ్లపాటు తమ ఇళ్లల్లో అమ్మమ్మలూ తాతయ్యలూ చెప్పిన సామెతలు సేకరించారు. ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో కూడా రాసి డేటాబేసులో చేర్చారు. చెప్పిన పెద్దల్లో కొందరు ఇప్పుడు లేరు. మొన్న వేసవిలో పాత సర్వర్ తీసి, కొత్తది పెట్టి, కొట్టును అందులోకి మార్చారు. పుట తెరిస్తే సామెతలు లేవు. “కుడ్ నాట్ ఫైండ్ డ్రైవర్” అని ఒక్క ముక్క ఉంది.

“అంతా పోయిందండీ! ఈ కొట్టు తుడిచేసి, మళ్లీ మొదట్నుంచీ ఎక్కించుకోవడమే” అన్నాడు యంత్రం అమర్చడానికి వచ్చినాయన, నింపాదిగా కాఫీ తాగుతూ.

“ఎక్కించడానికి ఆ చెప్పినవాళ్లు ఉండవద్దుటండీ?” అన్నాను.

పక్కనే ఉన్న మా శిష్యుడొకడు, “మాస్టారూ, సారథి కనబడలేదంటోంది గాని, సొమ్ము పోయిందని అనలేదు గదండీ” అన్నాడు. వాడు ముందుగా డేటాబేసుకు ఒక నకలు తీసి వేరే డిస్కులో దాచాడు. తరవాత నేరుగా కొట్టులోకి వెళ్లి లెక్క చూశాడు. సామెతలన్నీ క్షేమం! అప్పుడు పి.హెచ్.పి.కి మైఎస్‌క్యూఎల్ సారథిని ఇచ్చే ప్యాకేజీ తెచ్చి అమర్చాడు. నీకు తోడుగా ఎవరెవరున్నారో చెప్పమని పి.హెచ్.పి.ని అడిగితే, జాబితాలో సారథి పేరు చదివింది. పుట మాత్రం పాత పాటే పాడింది.

“ఇదేం చోద్యమోయ్?”

“వెబ్ సర్వర్ లేచినప్పుడు ఎవరున్నారో వాళ్లనే అది ఎరుగును మాస్టారూ. తరవాత వచ్చినవాణ్ణి గుర్తుపట్టాలంటే దాన్ని ఒకసారి ఆపి, మళ్లీ లేపాలి.”

లేపాడు. పుట తెరుచుకుంది. సామెతల చోట మాత్రం ప్రశ్నార్థకాలు బారులు తీరి నిలబడ్డాయి!

కర్ణుడికి సారథి లేకపోలేదు. శల్యుడు గుర్రాలు తోలడంలో దిట్ట కూడాను. కాని మాట కలవలేదు. మా సంగతీ అంతే అయింది. మైఎస్‌క్యూఎల్‌కు 2018లో 8.0 కూర్పు వచ్చేదాకా, మనం ప్రత్యేకించి చెప్పకపోతే లాటిన్ లిపే ఆనవాయితీ. మా యంత్రంలో ఆ పాత అలవాటే మిగిలి ఉంది. ఆ లిపిలో మన అకారానికీ చోటు లేదు, ళకారానికీ లేదు. చోటు లేని ప్రతి అక్షరానికీ బదులు ఒక ప్రశ్నార్థకం పెట్టి పంపుతుంది. కొట్టులో తెలుగు తెలుగుగానే ఉంది. దారిలోనే వేషం మారింది.

అసలు ప్రమాదం ఇక్కడుంది సుమండీ. చూసినంతసేపూ నష్టం లేదు. ఎవరో ఉత్సాహవంతుడు ఆ పుటను దిద్దబోయి సేవ్ నొక్కాడనుకోండి, కొట్టులో ఉన్న సామెత చెరిగి ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఏ ప్రశ్నార్థకం ఏ అక్షరానిదో బ్రహ్మదేవుడికీ తెలియదు. అంచేత మావాడు, “ఎవరూ ఏదీ ముట్టుకోకండి” అని కేకవేసి, పి.హెచ్.పి. డేటాబేసును పలకరించే వాక్యంలో యూటీఎఫ్8ఎంబీ4 అనే ఒక్క మాట చేర్చాడు. లోకంలోని లిపులన్నీ ఇమిడే పద్ధతికి అది పేరు. తెలుగు తిరిగి వచ్చింది.

మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఏ దుకాణం పద్దులకో, ఏ సంఘం సభ్యుల జాబితాకో ఇలాంటి పుట కడుతూ ఉండవచ్చు. వారికి నా మాటగా చెప్పండి: పుట మూగబోయిందని కొట్టు తుడవకండి. మొదట నకలు తీయండి. రెండోది, సారథి ఉన్నాడో లేడో చూడండి. ఉంటే, వాడికి తెలుగు వచ్చునో రాదో ఒక్క సామెత రాయించి, మళ్లీ చదివించి చూడండి. ఆ తరవాతే అమ్మమ్మగారి దగ్గర కూర్చుని రెండో సామెత అడగండి.