గృహవిజ్ఞానము: అటకమీది రిమోటు కారు

పాతసామానులవానికి తూకమున కిచ్చుటకు ముందు అటకమీది పెట్టెను ఒక్కసారి దింపి చూడుడు. ముప్పది నలువది యేండ్ల క్రిందట పరదేశమునుండి బంధువులు తెచ్చిన రిమోటు కారు అందుండవచ్చును. చక్రములు తిరుగకపోవచ్చును, బ్యాటరీల అరలో తెల్లని పొడి పేరుకొని యుండవచ్చును. అంతమాత్రముచే దానిని పనికిమాలినదని త్రోసివేయుట తొందరపాటు. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని దానిని బాగుచేయుట కన్న మంచి సెలవుపని మరియొకటి లేదు.

రేడియో తరంగములచే దూరమునుండి వాహనమును నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున చిన్న పడవతో చూపెను. జపానులోని షిజువోకకు చెందిన టామియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో రేడియో కార్ల తయారీకి దిగినది. 1984లో వచ్చిన గ్రాస్‌హాపరు, హార్నెటు అను బండ్లను వారే తరువాతి కాలమున మరల విడుదల చేసిరి. కావున అట్టివానికి విడిభాగములు దొరకుటకు వీలున్నది. పేరులేని బొమ్మకార్లకు ఆ వసతి లేదు. ఉన్నదానిని విరుగకుండ కాపాడుకొనుటయే దారి.

మన పల్నాటిలో ఇట్టి వస్తువులకు ఎండయు దుమ్మును ప్రబలశత్రువులు. రెంటచింతల యెండల నెరుగని వారెవరు? రేకుల కప్పుక్రింద రబ్బరు టైర్లు బీటలువారును, ప్లాస్టిక్కు పెళుసగును, బ్యాటరీలు కారును. ఇక దుమ్ము నూనెతో కలిసినచో ముద్దయై పళ్లచక్రములను అరగదీయును. కావున కొబ్బరినూనెను లోపల పోయరాదు.

పనికి క్రమము ముఖ్యము. మొదట బ్యాటరీలను తీసివేయవలెను. తరువాత ఒక్కొక్క స్క్రూను విప్పుచు, ఏది యెచ్చటిదో కాగితముపై వ్రాసికొని చిన్న గిన్నెలలో వేరువేరుగ నుంచవలెను. ఆల్కలైను బ్యాటరీలు కారి యేర్పడిన తెల్లని పొడి క్షారగుణము కలది. చేతులకు తొడుగులు వేసికొని, దూదిని నిమ్మరసమున తడిపి రేకులను తుడిచి, వెంటనే తడిగుడ్డతోను పొడిగుడ్డతోను తుడువవలెను. ఈ పని పెద్దలదే. పైతొడుగును వేరుచేసి పలుచని సబ్బునీటితో కడిగి నీడన ఆరబెట్టవలెను. పెట్రోలు, పెయింటు థిన్నరు ప్లాస్టిక్కును కరగించును, వానిని తాకనీయరాదు. పళ్లచక్రములను పాత పళ్లకుంచెతో శుభ్రపరచి, మోటారు ఇరుసునకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క మాత్రము వేయవలెను.

తెగిన తీగను మాటువేసి అదుకుట అలవాటు లేనిచో, నరసరావుపేటలోనో మాచర్లలోనో రేడియోలు బాగుచేయు వారిచేత చేయించుకొనవచ్చును. కారునుండి వ్రేలాడు ఏరియలు తీగను పొట్టిచేయరాదు. దాని పొడవు సంకేతమును అందుకొనుటకై లెక్కించి పెట్టినది. పాత నికెలు కాడ్మియము బ్యాటరీలను కోయరాదు, పొయ్యిలో వేయరాదు; కాడ్మియము విషము. వానిని ఇంటి చెత్తతో కలుపరాదని 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు చెప్పుచున్నవి.

పరీక్షించునపుడు కారును ఇటుకపై నిలిపి చక్రములు నేలకు తగులకుండ చూడవలెను. ముందు చేతిలోని రిమోటును, తరువాత కారును వెలిగింపవలెను. ఆపునపుడు ముందు కారును, తరువాత రిమోటును ఆపవలెను. ఈ నియమము తప్పినచో కారు ఏ దిక్కునకైన పరుగెత్తవచ్చును.

“ఇంత శ్రమయేల? క్రొత్తది కొనరాదా?” యని కొందరందురు. కొనవచ్చును. కాని కొన్న బొమ్మ నడచుటను మాత్రమే బిడ్డ చూచును. బాగుచేసిన బొమ్మ యేల నడచుచున్నదో యెరుగును. చిరుగీతలను, వెలిసిన రంగును అట్లే యుండనిండు. అవి ఆ బొమ్మతో ఆడినవారి గురుతులు.

ఒక్క మాట విన్నవించెదను. పెక్కు గృహములలో ఇట్టి పని వచ్చినపుడు స్క్రూడ్రైవరు కొడుకు చేతికిని, స్క్రూల గిన్నె కూతురు చేతికిని పోవుచున్నది. గిన్నె పట్టుకొని నిలుచున్న పిల్ల పెద్దదైన పిమ్మట, చెడిపోయిన మిక్సీ ముందును అట్లే నిలుచుండి పరుల రాకకై యెదురుచూచును. మరయంత్రమన్న భయము పుట్టుకతో వచ్చునది కాదు. చిన్ననాట చేతికందని పనిముట్టు వలన వచ్చునది. కావున తల్లులారా, ఈమారు స్క్రూడ్రైవరును మీ యమ్మాయి చేతికిండు. ఆమె విప్పినదానిని ఆమెయే బిగించువరకు ఓపికతో ప్రక్కన కూర్చుండుడు.