చింత అనగా విచారము మాత్రమేనా?

మొన్న ఏడవ తరగతిలో "చింత" అను పదమునకు అర్థము వ్రాయుడని చెప్పితిమి. తరగతి దాదాపు అంతయు "విచారము" అని వ్రాసెను. చెట్టును తలచినవారు ఇద్దరే. వారిలో నొకడు "హుణసె మర" అని కన్నడమున వ్రాసెను. వానికి మార్కు తగ్గించుటకు మాకు మనసొప్పలేదు. బ్రూక్‌ఫీల్డ్‌లో పెరుగు పిల్లలు చింతపండును పొట్లమునందే ఎరుగుదురు. నేరము వారిది కాదు.

మన నగరమునకు సమీపముననే, దేవనహళ్ళి తాలూకా నల్లూరులో, ఒక చింతతోపు గలదు. విస్తీర్ణము సుమారు 54 ఎకరములు. వృక్షములు 300 వరకు. చోళుల కాలమున నాటినవని లోకప్రవాదము. తోపులో శిథిలమైన చెన్నకేశవాలయము నున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి 2007లో దీనిని వారసత్వ స్థలముగా ప్రకటించిరి. దేశమున ఈ గౌరవమును తొలుత పొందినది ఇదియే. కోటలకును గోపురములకును దక్కు మర్యాద కాయ గాచు చెట్లకు దక్కుట మాకు మిక్కిలి సంతోషము.

అయినను ప్రకటనతోనే చెట్టు బ్రతుకునని మేము నమ్మజాలము. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతను చూడుడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు దాని కొమ్మలెక్కి 150 మందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ దినమున జనులు ఆ చెట్టు క్రింద చేరి ఆనాటివారిని స్మరించుట కలదు. ఎవరి తాతయో ఎక్కిన కొమ్మపై గొడ్డలి వేయ నెవ్వడు సాహసించును? నల్లూరు చెట్లకు చట్టము గలదు గాని, మన పిల్లల నోట వాటి కథ లేదు.

"మనము ఈ ఊరివారము కాము, ఈ చెట్లతో మనకేమి?" అని కొందరు తల్లిదండ్రు లనవచ్చును. చింత మాత్రము ఈ దేశపుదా? దాని పుట్టిల్లు ఆఫ్రికా యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఐనను అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమనిరి. ఆ పేరే ఆంగ్లమునకును పోయినది. నేడు మన పులుసును కన్నడిగుల సారును అది లేక సాగవు.

కావున ఈ యేటి విహారయాత్ర అంగళ్ల భవనములకు గాక నల్లూరునకు సాగవలెనని మా కోరిక. కాయ పండు మాఘ ఫాల్గుణములే తగిన కాలము. పిల్లలు మ్రాకుల చుట్టుకొలతలు కొలిచి, ఊరి పెద్దల నడిగి కథలు సేకరించి, తెలుగునను కన్నడమునను వ్రాసికొని రావలెను. తల్లిదండ్రులును రావచ్చును. పులిహోర ఇంటినుండియే తెచ్చుకొనుడు. తోపులో రాలిన కాయనైనను ఊరివారి నడుగక తీయరాదు.