ఓటు కుదువ పడొద్దంటే కొలువు గావాలె

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా టీవీల కూసున్న పెద్దమనుషులు ఒకటే మాట అంటరు. ఊర్లోళ్లు ఓటు అమ్ముకుంటున్నరు, అందుకే ప్రజాస్వామ్యం ఇట్ల ఖరాబైందని. ఈ మాట ఇన్నప్పుడల్లా నాకు ఒకటి అడగాలనిపిస్తది. అమ్ముకున్నడు సరే, అమ్ముకునే కాడికి ఎట్ల వచ్చిండో ఎవలన్న చూసిన్రా?

నా లెక్కల ఓటంటే రెండు పనులు. ఒకటి వేసుడు, ఇంకోటి వేసినంక అడుగుడు. వేసుడు అందరం వేస్తం. అడగాల్నంటే మాత్రం ధైర్యం గావాలె. రేపు గూడ ఇంట్ల పొయ్యి మండుతదన్న నమ్మకం ఉన్నోనికే ఆ ధైర్యం ఉంటది. కిరాయి, పిల్లల ఫీజు, దవాఖాన ఖర్చు పోంగ చేతిల నాలుగు పైసలు మిగిలినోడు సర్పంచునైనా ఎమ్మెల్యేనైనా నిలదీస్తడు. మిగలనోడు నిలదీసేటోని పక్కన నిలబడనీకి గూడ వెనకాముందు ఆడుతడు.

ఇది కొత్త ముచ్చటేం కాదు. 1949 నవంబర్ 25 నాడు రాజ్యాంగ సభల అంబేద్కర్ ఇదే హెచ్చరిక జేసిండు. రాజకీయంల అందరికీ సమానత్వం ఇస్తున్నం గానీ బతుకుల మాత్రం అసమానత్వం అట్లనే ఉన్నది, దాన్ని జల్ది తీసెయ్యకపోతే కట్టుకున్న ప్రజాస్వామ్యమే కూలిపోతదని ఆయన భయం. ఆ మాటకు డెబ్బై ఏండ్లు దాటినయ్.

హుజూరాబాద్, మునుగోడు ఏం జెప్పినయ్

2021ల హుజూరాబాద్ ఉపఎన్నిక యాదికి తెచ్చుకోండ్రి. పైసల కవర్లు కొందరికే అందినయి, మాకెందుకు ఇయ్యలేదని కొన్ని ఊర్లల్ల ఆడోళ్లు రోడ్డెక్కిన్రు. ఆ వీడియోలు చూసి రాష్ట్రమంతా నవ్వింది. నాకైతే నవ్వు రాలే. ఐదేండ్లకు ఒక్కసారి మాత్రమే లీడరు మన గడప తొక్కుతడు, ఆ ఒక్క దినం తప్పితే మన చేతికి ఏమీ రాదు అనుకున్నోళ్లు ఆ కవరును లంచం అనుకోరు, బాకీ అనుకుంటరు.

మరుసటి ఏడు మునుగోడుల 93 శాతం పోలింగ్ అయింది. 2024 లోక్‌సభ ఎన్నికల్ల హైదరాబాద్ సీటుల సగం మంది గూడ ఓటెయ్యలే. అంటే ఊర్లోళ్లకు ఓటు విలువ తెల్వక కాదు. పైసలు తీస్కొని గూడ తమకు నచ్చినోనికే వేసేటోళ్లు మస్తుమంది ఉంటరు.

మరి నష్టం ఎక్కడ? నిలబడేటోని దగ్గర. అసెంబ్లీకి పోటీ చేసేటోని ఖర్చు 40 లక్షలు దాటొద్దని రూల్ ఉన్నది. సర్పంచుకు ఐదు వేల జనాభా దాటిన ఊర్ల రెండున్నర లక్షలు, చిన్న ఊర్ల లక్షన్నర. ఇప్పుడు ఇంకో లెక్క జూడండ్రి. సర్పంచుకు నెలకు గౌరవ వేతనం 6,500 రూపాయలు. ఐదేండ్లకు మొత్తం గలిపితే 3 లక్షల 90 వేలు. దానికోసం పది లక్షలు, ఇరవై లక్షలు పెట్టేటోడు ఆ పైసలు ఎక్కడ్నుంచి తీస్తడు? కొన్ని ఊర్లల్ల గుడి కడ్తమని, బడి బాగుజేస్తమని సర్పంచు కుర్చీకే వేలం పాట పెట్టి, దానికి ఏకగ్రీవమని పేరు పెడ్తున్నరు. ఆ పాటల మంచిగ చదువుకున్న కూలోళ్ల పిల్లగాడు ఎట్ల పాల్గొంటడు?

చేతి నుంచి వచ్చేది, హక్కుగ వచ్చేది

స్కీములతోని జనం సోమరులైతున్నరని కొందరంటరు. నేనైతే ఒప్పుకోను. ఇచ్చుడు తప్పు గాదు, ఎట్ల ఇస్తున్నరన్నదే అసలు ముచ్చట.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. ఆధార్ చూపెడితే కండక్టర్ జీరో టికెట్ కొడుతడు. నువ్వు ఏ పార్టీ అని అడగడు. 2025 ఉగాది నుంచి రేషన్ల సన్నబియ్యం వస్తున్నయ్, కార్డు ఉంటే మనిషికి ఆరు కిలోలు. డీలర్ గూడ ఓటెవనికి వేసినవని అడగడు. ఇసొంటియి బతుకు ఖర్చు తగ్గిస్తయ్, ఎవని ముందట తల వంచాల్సిన పని పెట్టవు.

ఇగ రెండో రకం జూడండ్రి. దళితబంధు కింద 10 లక్షలు ఇచ్చినప్పుడు పేర్లు ఎమ్మెల్యేల చేతుల మీదుగ పోయినయ్. హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. సర్కారు మారింది. ఇందిరమ్మ ఇండ్లకు ఐదు లక్షలంటున్నరు, ఊర్లల్ల కమిటీలు పెట్టిన్రు. కమిటీల ఎవరున్నరో, వాళ్లు ఎవరి మనుషులో మీ ఊర్ల మీకే ఎరుక. పార్టీ ఏదైనా గానీ, ఇల్లు రావాల్నంటే ఒకని చుట్టు తిరగాలె అన్నప్పుడు మనం ఓటర్లం గాదు, అడుక్కునేటోళ్లం.

ఉపాధి హామీ పని ఎందుకు వేరే అంటే గిందుకే. 2006 ఫిబ్రవరి 2 నాడు అనంతపురం జిల్లా బండ్లపల్లిల ఆ పని మొదలైంది. అడిగిన 15 దినాల్ల పని చూపెట్టకపోతే భత్యం ఇయ్యాలని చట్టంలనే రాసిన్రు. ఎవని పేరు మీద ఎన్ని దినాలు రాసిన్రు, ఎంత ఇచ్చిన్రు అని గ్రామసభల చదివి ఇనిపించే సోషల్ ఆడిట్ మన ఉమ్మడి రాష్ట్రంలనే గట్టిగ నడిచింది. వేలిముద్ర వేసే అవ్వ గూడ లేచి, నాకు అన్ని దినాలు పైసలు రాలేదని ఆఫీసరు మొఖం మీదనే చెప్పింది. కూలి హక్కయితే నోరు ఎట్ల లేస్తదో గా సభలల్ల కనబడ్డది. 2025 డిసెంబర్‌ల పార్లమెంటు దాని జాగల కొత్త చట్టం తెచ్చింది. దినాలు 100 నుంచి 125 అన్నరు, రాష్ట్రం వాటా 40 శాతం అన్నరు. నంబర్ పెరిగిందని సంబురపడే ముందు ఒకటి అడగాలె. పని అడిగితే ఇచ్చుడు ఎంతవరకు గ్యారంటీ?

చదువుకున్నోని ఎదురుచూపు

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం మనది. గ్రూప్-1 సంగతి జూడండ్రి. 2022ల 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబర్‌ల ప్రిలిమ్స్ రాసిన్రు. పేపర్ లీకై 2023 మార్చిల రద్దు. జూన్‌ల మళ్ల రాసిన్రు. సెప్టెంబర్‌ల హైకోర్టు దాన్ని గూడ రద్దు జేసింది. 2024 ఫిబ్రవరిల 563 పోస్టులతోని మళ్ల కొత్త నోటిఫికేషన్. గీ రెండేండ్లు అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల కిరాయి ఎవరు కట్టిన్రు? ఊర్ల అమ్మానాయిన కట్టిన్రు.

ఆ కోపమే 2023 ఎన్నికల్ల పని జేసింది, నిజమే. నిరుద్యోగి ఒట్టి చేతులోడు గాదని అందరికీ తెలిసింది. గానీ సర్కారును మార్చుడు ఒక్క దినం పని. మిగిలిన ఐదేండ్లు అడగాల్నంటే కాళ్ల కింద నేల గట్టిగుండాలె. ఔట్‌సోర్సింగ్ కొలువుకు గూడ లీడర్ సిఫారసు గావాలె అంటే, ఆ కొలువు దొరికినోడు ఇగ ఎన్నటికీ ఆ లీడర్‌ను అడగలేడు. ఓటు దినం జీతంతోని సెలవు ఇయ్యాలని 1951 చట్టంలనే ఉన్నది. బండి మీద డెలివరీ చేసే తమ్మునికి ఆ సెలవు ఎవరిస్తరు? కంపెనీ లెక్కల వాడు ఉద్యోగే కాదు. ఊరికొచ్చి ఓటెయ్యాల్నంటే ఆ దినం కమాయి పోతది, మీదికెళ్లి బస్సు కిరాయి. నా దృష్టిల మంచి కొలువంటే ఏసీ రూము గాదు. తప్పును తప్పంటే పోని కొలువు, నెల తిరిగేసరికి అప్పు చెయ్యాల్సిన అవసరం పెట్టని కొలువు.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్లు మన ఊర్లకు సర్పంచులే లేకుండె. ఇప్పుడు ఉన్నరు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒక్కసారి గ్రామసభ పెట్టాలె. పెడ్తున్నరా? పెట్టకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు ఇయ్యండ్రి, ఊరు స్థాయిల ఫీజు గూడ లేదు. ఇండ్ల లిస్టు ఎవరు రాసిన్రు, ఉపాధి పని ఎంతమంది అడిగిన్రు, ఎంతమందికి ఇచ్చిన్రు అని కాయిదం మీద అడగండ్రి. ఒక్కనివే అడిగితే బెదిరిస్తరు, కూలికి పిలవరు. ఇరవై మంది సంతకం బెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదు. తమ్మీ, చెల్లే, వచ్చే గ్రామసభ తారీఖు ఎప్పుడో మీ పంచాయతీ కార్యదర్శిని ఇయ్యాల్నే అడగండ్రి.