ఫోన్‌లో బజారు: అవసరం తెచ్చిందా, అలవాటు చేశారా?

2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అనే ఇద్దరు కుర్ర ఇంజినీర్లు బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పేరుతో పుస్తకాలు అమ్మే వెబ్‌సైటు ఒకటి తెరిచారు. దానికి మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. అడిగిన పుస్తకం జాన్ వుడ్ రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్’. జిల్లా కేంద్రాల్లో ఉండేవాళ్లకు అలాంటి ఇంగ్లిషు పుస్తకం కావాలంటే అప్పట్లో హైదరాబాద్ బస్సెక్కడమే దారి. కోఠీలోనో అబిడ్స్‌లోనో దొరికితే అదృష్టం. ఫ్లిప్‌కార్ట్ కథ చెప్పేవాళ్లు ఆ తర్వాత వచ్చిన పెట్టుబడుల గురించే ఎక్కువ చెబుతారు గానీ, ఆలోచించాల్సిన ప్రశ్న ఆ మొదటి ఆర్డరులోనే ఉంది. చేతిలో పట్టుకుని చూడకుండా, అమ్మేవాడి మొహం ఎరక్కుండా, మనిషి డబ్బు కట్టడానికి ఎందుకు సిద్ధపడతాడు?

దీనికి మన మధ్య రెండు జవాబులు తిరుగుతున్నాయి. అవసరమే నడిపించిందనేది ఒకటి. ఊళ్లో దొరకనిది గుమ్మం ముందుకు వస్తుంటే ఎవరు కాదంటారు? కంపెనీలే పనిగట్టుకుని అలవాటు చేశాయనేది రెండోది. పెట్టుబడిదారుల సొమ్ముతో రాయితీలు కుమ్మరించి, వీధి దుకాణం మీద జనానికి ధ్యాస లేకుండా చేశాయన్నది ఆ వాదన. రెండిట్లోనూ నిజముంది. కాకపోతే మనిషి ప్రయాణంలో అవి వేర్వేరు దశల గురించి మాట్లాడుతున్నాయి.

అవసరం వాదన బలం పెద్ద పట్టణాలు దాటాక తెలుస్తుంది. మండల కేంద్రంలోని చెప్పుల దుకాణంలో పదకొండో నంబరు ఉండదు. పాత మిక్సీకి జారు పగిలితే అదే మోడల్ జారు దొరకదు. గ్రూప్స్‌కు చదివే కుర్రాడికి కావలసిన పుస్తకం పక్క పట్టణంలోనూ అయిపోయి ఉంటుంది. తెలిసిన మగవాళ్లు కూర్చున్న కౌంటర్లో లోదుస్తుల సైజు చెప్పడానికి ఇబ్బందిపడే ఆడవాళ్లకు ఫోన్ ఇచ్చింది సౌకర్యం మాత్రమే కాదు, చాటు కూడా. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని పెద్దవాళ్ల సంగతీ అంతే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు గుంటూరులోని తల్లికి బీపీ మిషన్ పంపించాలంటే ఒకప్పుడు ఊరొచ్చే స్నేహితుణ్ని వెతుక్కునేవాడు. ఇప్పుడు అక్కణ్నించే ఆర్డరు పెట్టి, ఆమె ఫోనుకు వచ్చే ఓటీపీ చెబితే చాలంటున్నాడు. కొనేది ఒకరు, వాడేది ఒకరు. మన ఇళ్లలో ఒక్కరు నేర్చుకుంటే ఇల్లంతా నేర్చుకున్నట్టే.

కొత్త సాంకేతికతను జనం ఎందుకు చేపడతారన్న విషయం మీద పరిశోధకులు ఎక్కువగా ఆశ్రయించే నమూనాను 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించాడు. పనికొస్తుందన్న భావన, వాడటం తేలికన్న భావన, ఈ రెండే మనిషి నిర్ణయాన్ని నడిపిస్తాయన్నాడు. మాట సబబుగానే ఉంది గానీ ఆ నమూనా ఆఫీసు కంప్యూటర్ల మధ్య పుట్టింది. ఉద్యోగికి కొత్త సాఫ్ట్‌వేరు నచ్చకపోతే విసుగు పుడుతుందేమో గానీ జేబులో రూపాయి పోదు. కొనుగోలులో పోతుంది. ఈ తేడా తర్వాత పరిశోధకులకూ తట్టింది. 2012లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహచరులు హాంకాంగ్‌లో మొబైల్ ఇంటర్నెట్ వాడేవాళ్లను పరిశీలించి, వినియోగదారుల విషయంలో మరో మూడు అంశాలు చేర్చాలన్నారు. వాడటంలో దొరికే సరదా, పెట్టిన డబ్బుకు దక్కే విలువ, అలవాటు. మన రెండు వాదనలూ ఈ జాబితాలోనే ఎదురెదురుగా కూర్చున్నాయి. ఉపయోగం, విలువ అవసరం పక్షాన ఉంటే, సరదా, అలవాటు అవతలి పక్షాన ఉన్నాయి.

అయితే మన దేశంలో జరిగింది చూస్తే వీటన్నిటికంటే ముందు తేలాల్సింది నష్టభయం. కిరాణా కొట్టులో తూకం తేడా వస్తే మర్నాడు అడగొచ్చు. కొట్టు ఎక్కడికీ పోదు, యజమాని పేరు ఊరందరికీ తెలుసు. వెబ్‌సైటుకు ఆ పూచీ లేదు. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టినప్పుడు మారింది ఇదే. అంతకుముందు డబ్బు కట్టి సరుకు కోసం కొనుగోలుదారు ఎదురుచూడాలి. ఆ తర్వాత సరుకు పంపి డబ్బు కోసం కంపెనీ ఎదురుచూడాల్సి వచ్చింది. కార్డు లేనివాళ్లకు తలుపు తెరుచుకుందన్నది సగం సంగతి. కార్డు ఉన్నవాళ్లు కూడా నగదే ఇస్తామనడం మిగతా సగం. తర్వాత రిటర్న్ సదుపాయం వచ్చింది. సైజు సరిపోని కుర్తాను అదే డెలివరీ అబ్బాయి తిరిగి పట్టుకెళ్లడం ఒక్కసారి చూసిన పక్కింటివాళ్లకు వేరే ప్రకటన అక్కర్లేదు. జనానికి ధైర్యం ఇచ్చింది సాఫ్ట్‌వేరు కంటే ఎక్కువగా ఈ నష్టభారం చేతులు మారడమే.

2016 వచ్చేసరికి మిగతా అడ్డంకులు ఒకదాని వెంట ఒకటి తొలగాయి. ఆ ఏడాదే యూపీఐ మొదలైంది. సెప్టెంబరులో జియో వచ్చాక, అంతవరకూ ఒక జీబీకి వందల్లో ఉన్న డేటా ధర రెండేళ్లలో పదుల్లోకి దిగింది. నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు జరిగింది. ఏటీఎం ముందు వరుసలో నిలబడ్డ మనిషి ఫోన్లో డబ్బు పంపడం నేర్చుకోవడాన్ని ఇష్టం అనాలా, గత్యంతరం లేకపోవడం అనాలా? రెండూ కలిసే ఉన్నాయి. భాష అడ్డంకి మాత్రం ఇంకొన్నాళ్లు నిలిచింది. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ 2020లో గానీ తెలుగులోకి రాలేదు. రిటర్న్ షరతులు చదివి అర్థం చేసుకోలేని భాషలో ఉంటే, హక్కు ఉన్నా లేనట్టే కదా.

ఇక రెండో పక్షం. ధర తక్కువ కాబట్టే జనం వస్తున్నారనే మాటకు వాళ్ల ఎదురుప్రశ్న ఒకటుంది. ఆ తక్కువ ధర ఎక్కడిది? 2018లో వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నది. అంత జేబు ఉన్న సంస్థలు ఏళ్ల తరబడి నష్టాలు భరిస్తూ అమ్మగలవు. విజయవాడ బీసెంట్ రోడ్డులో అద్దె దుకాణం నడిపేవాడు ఒక్క దసరా నష్టానికి అమ్మినా కోలుకోలేడు. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలు సొంత సరుకు నిల్వచేసి అమ్మకూడదు, అమ్మకందారుకూ కొనుగోలుదారుకూ మధ్య వేదికగా మాత్రమే ఉండాలి అన్న నిబంధనను కేంద్రం 2019 ఫిబ్రవరి నుంచి బిగించింది. కొందరు అమ్మకందారులకే ఈ వేదికలు పెద్దపీట వేస్తున్నాయన్న ఫిర్యాదుల మీద 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. కొనేవాడికి కనిపించే రాయితీ వెనుక ఇంత తగవు ఉంది.

అలాగని కంపెనీలు తోసినచోటికల్లా జనం వెళ్లారనుకుంటే పొరపాటు. 2015 మే నెలలో దుస్తులు అమ్మే మింత్రా తన వెబ్‌సైటు మూసేసి, కొనాలంటే యాప్‌లోనే కొనండి అంది. ఫోన్లే భవిష్యత్తన్న లెక్క తప్పేమీ కాదు. కానీ పెద్ద తెర మీద నాలుగు చీరలు పక్కపక్కన పెట్టి చూసుకునే వాళ్లను ఆ లెక్క పట్టించుకోలేదు. ఏడాది గడిచేసరికి, 2016 జూన్‌లో వెబ్‌సైటు మళ్లీ తెరుచుకుంది. జనాన్ని పిలవొచ్చు, ఊరించొచ్చు, మెడపట్టి తీసుకెళ్లడం మాత్రం కష్టమని ఆ ఏడాది తేల్చింది.

మెడపట్టి తీసుకెళ్లే పని కరోనా చేసింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక అంతవరకూ యాప్ జోలికి పోని ఇళ్లలో కూడా పప్పూ ఉప్పూ ఫోన్లోనే తెప్పించుకున్నారు. ఆంక్షలు పోయాక ఏం మిగిలిందన్నది ఆసక్తికరం. మళ్లీ మళ్లీ కొనే సబ్బులు, నూనె ప్యాకెట్లు చాలా ఇళ్లలో ఫోన్లోనే ఉండిపోయాయి. పెళ్లి పట్టుచీరలు, బంగారం మళ్లీ దుకాణానికే చేరాయి. పట్టుచీర కొనడానికి నలుగురూ కలిసి వెళ్లడం, అంచు చేత్తో తడిమి చూడడం, బేరం తెగాక ఒక జాకెట్టు ముక్క కొసరు అడగడం, ఇవన్నీ ఆ కొనుగోలులో భాగమే. బలవంతాన నేర్చుకున్నది కూడా పనికొచ్చినచోటే నిలుస్తుంది, మిగతాచోట జారిపోతుంది.

రెండో పక్షం మాట నిజంగా పదునెక్కేది ఇరవయ్యో ఆర్డరు దగ్గర. మొదటిసారి కొన్నప్పుడు మనిషి ఆలోచిస్తాడు. ఇరవయ్యోసారి ఆ ఆలోచన పెద్దగా ఉండదు, యాప్ తీరు ఆ సంగతి ఎరిగే ఉంటుంది. ‘ఇంక రెండే మిగిలాయి’ అని తొందరపెట్టడం, అడగని వస్తువును బుట్టలో కలిపేయడం, ఒక ధర చూపించి చివరి మెట్టు మీద రుసుములు జోడించడం, సభ్యత్వంలో చేరడం తేలిక చేసి బయటపడే దారి దాచడం. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటి 13 పోకడలను పేరుపేరునా చెప్పి నిషేధించింది. మూడు నెలల్లో మీ వేదికలను మీరే తనిఖీ చేసుకోండి అని 2025 జూన్‌లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు పెద్ద నగరాల్లో ఇంకో సంగతి చేశాయి. వారానికి సరిపడా చీటీ రాసుకునే పని తప్పించాయి. చీటీతో పాటు, ఇది నిజంగా కావాలా అని ఒకసారి అనుకునే వ్యవధి కూడా పోయింది. ఆ వేగం కోసం బండి మీద పరిగెత్తే కుర్రాడి ఎండావానా మన బిల్లులో ఎక్కడా కనబడదు.

ఇప్పటికీ దూరంగా ఉన్నవాళ్లను తెలియనితనం ఖాతాలో వేయడం మనకు అలవాటు. వాళ్లలో చాలామంది లెక్క వేసుకునే దూరంగా ఉన్నారు. నెలాఖరున ఖాతాలో రాసుకుని, పంట చేతికొచ్చాక డబ్బు తీసుకునే కొట్టు ఊళ్లో ఉన్నవాడికి యాప్ ఇచ్చే రాయితీ పెద్ద ఆకర్షణ కాదు. వడ్డీ లేని ఈఎంఐ కావాలన్నా బ్యాంకు ఒప్పుకోవాలి, కొట్టువాడికి మొహం చాలు. ఇంట్లో ఒకే ఫోను ఉండి అది మగవాళ్ల జేబులో ఉంటే, ఆడవాళ్లకు ఆ బజారు సగమే తెరిచి ఉన్నట్టు. పార్సిల్ ఆగిపోయిందంటూ లింకు పంపేవాళ్లు, కస్టమర్ కేర్ పేరుతో నకిలీ నంబర్లు పెట్టేవాళ్లు ఉన్నంతకాలం భయపడేవాణ్ని వెనకబడ్డవాడనలేం. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చెప్పడం ఎంత అవసరమో, భయానికి కారణం ఉందని ఒప్పుకోవడం అంతే అవసరం.

అమ్మేవాళ్ల వైపు చూసినా తక్కెడ ఒక పక్కకే మొగ్గదు. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో మగ్గం ఉన్న ఇల్లు మాస్టర్ వీవర్ మీద ఆధారపడకుండా వాట్సాప్‌లో చీర ఫొటో పెట్టి నేరుగా హైదరాబాద్‌కో, బెంగళూరుకో పంపగలుగుతోంది. ఒకప్పుడు ఆ దారి లేదు. అదే తెర మీద, ఆ ఫొటో పక్కనే, ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చుగుద్దిన చీర నాలుగో వంతు ధరకు కనిపిస్తుంది. వేలితో తడిమితే తేడా తెలిసిపోతుంది, తెర మీద తెలియదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్నా, కొనేవాళ్లు ఆ గుర్తు కోసం వెతకాలని తెలియకపోతే దాని వల్ల ఒరిగేది తక్కువ.

ఇంతకీ అవసరమా, అలవాటా? నా లెక్క ఇది. మొదటి ఆర్డరు పెట్టించేది చాలావరకు అవసరమే. దొరకని వస్తువు, తీరని దూరం, చెప్పుకోలేని మొహమాటం. రెండో ఆర్డరు పెట్టించేది నమ్మకం. మొదటిసారి మోసం జరగలేదన్న అనుభవం, జరిగినా డబ్బు తిరిగొస్తుందన్న ధీమా. ఇరవయ్యో ఆర్డరుకు వచ్చేసరికి అలవాటు చెయ్యి పెద్దదవుతుంది, ఆ అలవాటును మలిచేది కంపెనీ. కాబట్టి మొదటి పక్షం జనం ఎందుకు వచ్చారో సరిగ్గానే చెబుతోంది. వచ్చినవాళ్లు ఎందుకు ఉండిపోయారో రెండో పక్షం చాలావరకు చెబుతోంది. మొదటి దశ చూపించి అంతా స్వేచ్ఛే అనడం ఎంత తప్పో, చివరి దశ చూపించి అంతా వలే అనడం కూడా అంతే తప్పు.

ఈ తేడా గుర్తిస్తే చేయాల్సిన పని కూడా తేలిపోతుంది. వీధి దుకాణదారు పోటీపడాల్సింది రాయితీతో కాదు, రెండో ఆర్డరును తెచ్చిన గుణంతో. బిల్లు ఇవ్వడం, సరిపోనిది మొహం చిట్లించకుండా మార్చివ్వడం, వాట్సాప్‌లో అడిగితే సరుకు ఉందో లేదో చెప్పడం. వీటికి పెట్టుబడిదారులు అక్కర్లేదు. ప్రభుత్వం నిఘా పెట్టాల్సింది మాత్రం ఇరవయ్యో ఆర్డరు మీద. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఇప్పటికే అంటున్నాయి. దానికి ఇంకొక్క సులువైన కొలత జోడించవచ్చు. ఒక వస్తువు కొనడానికి ఎన్నిసార్లు నొక్కాలో, దాన్ని తిరిగివ్వడానికీ, సభ్యత్వం మానుకోవడానికీ, ఖాతా మూసేయడానికీ అంతకంటే ఎక్కువసార్లు నొక్కాల్సిన అవసరం ఉండకూడదు. ఆ కొలతకు నిలిచిన యాప్‌లో జనం ఉండిపోతే దాన్ని ధైర్యంగా వాళ్ల ఇష్టం అనవచ్చు.